గెట్టు పంచాయితీలో సర్వేయర్ ఎవరి మనిషి?

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో గెట్టు పంచాయితీ ఎక్కడ జరిగినా, సర్వే అయిపోయిన సాయంత్రం ఒక మాట వినపడుతుంది: "వాని పైసలు తీసుకున్నడు, వాని దిక్కే కొలిచిండు." ఈ మాట అన్న రైతు చాలాసార్లు టీపన్ (పొలం కొలతల పాత చిత్రం) చూసి ఉండడు. సర్వేయర్ ఏ రాయి దగ్గర మొదలుపెట్టాడో అడిగి ఉండడు. అయినా ఆయన అనుమానాన్ని కొట్టిపారేయడం సరికాదు. సర్వేకు దరఖాస్తు పెట్టింది పక్క పొలం వాడు. ఫీజు కట్టింది, బండి మీద తీసుకొచ్చింది, మధ్యాహ్నం ఇంట్లో అన్నం పెట్టింది కూడా అతనే. ఇవన్నీ కళ్ల ముందు జరిగాక, కొలత ఎంత శుద్ధంగా ఉన్నా రెండో రైతుకు నమ్మకం ఎట్లా కలుగుతుంది?

ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. కొలత సరైందా? కొలిచిన మనిషికి ఇందులో ఏమైనా లాభం ఉందా? మొదటిదానికి జవాబు రికార్డుల్లో, మోకా మీద, అంటే పొలంలోనే దొరుకుతుంది. రెండోదానికి జవాబు మాత్రం కొలిచే మిషన్ పొలంలో దిగకముందే దొరకాలి. దిగాక అడిగితే అది నింద అవుతుంది. ముందు అడిగితే మామూలు జాగ్రత్త అవుతుంది. గెట్టు తగాదాలు ఏళ్లకేళ్లు సాగడానికి ఈ రెండో ప్రశ్నను ఎవరూ వేళకు అడగకపోవడం పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

హద్దు, హక్కు, కబ్జా

దేవరకొండ వైపు ఒక సర్వే నంబరు అనుకుందాం. మొత్తం 12 ఎకరాలు, ముగ్గురు అన్నదమ్ములకు తలా నాలుగు. పెద్దాయన కొడుకు తన వాటాలో రెండెకరాలు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మాడు. కొన్నాయన ఫెన్సింగ్ వేద్దామని వస్తే, రెండో అన్నదమ్ముడి బత్తాయి తోటలో చివరి రెండు వరసలు తన భూమిలో ఉన్నట్టు అనిపించింది. తోట వేసి పదిహేనేళ్లు దాటింది. "మా నాయిన ఉన్నప్పుడే గెట్టు ఇక్కడ పెట్టిండు" అని తోటాయన అంటాడు. "నా కాగితంలో రెండెకరాలు రాసుంది, నాకు రెండెకరాలు కావాలె" అని కొన్నాయన అంటాడు. సర్వేయర్‌ను పిలిచారు.

ఆ సర్వేయర్ చెప్పగలిగింది ఒక్కటే: రికార్డు ప్రకారం గీత ఎక్కడ పోతుందో. తండ్రి బతికున్నప్పుడు జరిగిన పంపకం చెల్లుతుందా లేదా అన్నది హక్కు సంగతి. అది సివిల్ కోర్టు తేల్చాలి. పదిహేనేళ్లుగా ఎవరు సాగు చేస్తున్నారన్నది కబ్జా సంగతి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, అసలు యజమానికి ఎదురు తిరిగి, బహిరంగంగా, 12 ఏళ్లు ఆపకుండా అనుభవించినట్టు రుజువైతే హక్కే మారిపోయే అవకాశం ఉంది. కాకపోతే ఆ రుజువు కూడా కోర్టులోనే జరగాలి, బత్తాయి చెట్టు కింద కాదు.

కానీ పొలం గట్టు మీద జరిగేది వేరు. అందరూ సర్వేయర్ మొహం చూస్తూ నిలబడతారు. ఆయన "ఈ రెండు వరసలు ఆయనవే, చెట్లు తీసేయాలె" అనేస్తాడు. ఆ మాటతో ఆయన హద్దు చూపించే పని దాటి హక్కు తేల్చే పనిలోకి దిగాడు. స్కెచ్ మీద 'ఆక్రమణ' అని రాసినా అంతే. ఆయన రాయాల్సిన వాక్యం ఇంకోటి: "రికార్డు ప్రకారం హద్దు ఇది. మోకా మీద ఉన్న గెట్టు ఇది. రెంటి మధ్య దూరం ఉత్తరం కొసన ఇన్ని అడుగులు, దక్షిణం కొసన ఇన్ని అడుగులు." ఇట్లా రాసిన రిపోర్టు తోటాయనకు కూడా పనికొస్తుంది. తీర్పు లాంటి మాట ఒక్కటి పడితే ఆయన అదే పట్టుకుని మొత్తం సర్వేనే ఒప్పుకోడు.

గీత ఎక్కడి నుంచి వస్తుంది

మన దగ్గర పొలాల మూల రికార్డు నిజాం కాలపు సర్వేది. కొలిచాక తయారైన మొదటి రిజిస్టరు సేత్వార్. ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్రం టీపన్. ఆ కొలతల నుంచి విస్తీర్ణం లెక్క కట్టింది వసూల్ బాకీ. ఊరంతా ఒక్క చోట కనపడేది నక్షా. పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదవగలిగే మనిషిని వెతుక్కోవడం ఇప్పటికీ ఒక పని. 1954-55 నాటి ఖాస్రా పహాణీ పేరు అందరి నోట్లో నానుతుంది కానీ, అది ఎవరి పేరు మీద ఎంత ఉందో చెబుతుంది, గెట్టు ఎక్కడో చెప్పదు. హద్దు తగాదాకు ఖాస్రా కట్టలు మోసుకొచ్చి, టీపన్ నకలు మాత్రం తీసుకురాని వాళ్లు చాలామంది ఉంటారు.

ఆ టీపన్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి. పొలం మధ్యలో నుంచి ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒక పొడుగు గీత ఉంటుంది. దాని మీద అక్కడక్కడ ఆగి, కుడికీ ఎడమకూ నిటారుగా పొలం మూలల దాకా కొట్టిన చిన్న గీతలు ఉంటాయి. ప్రతి గీత పక్కన అంకెలు రాసి ఉంటాయి. ఆ అంకెలు అడుగులు కావు, మీటర్లూ కావు, గొలుసులు, అణాలు. మన తెలంగాణ గొలుసు 33 అడుగులు, దాన్ని 16 అణాలుగా విడగొట్టారు. అంటే ఒక అణా 24.75 అంగుళాలు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. అట్లాంటివి 40 అయితే ఎకరం. ఆంధ్ర వైపు గొలుసు 66 అడుగులది, వాళ్ల లెక్క సెంట్లలో ఉంటుంది. అక్కడి పద్ధతికి అలవాటు పడ్డ మనిషి మన టీపన్‌ను తొందరపడి చదివితే తప్పు పోయే ప్రమాదం ఉంది.

ఈ అంకెలు ఉన్నాక ఇంక గొడవ దేనికి? ఎందుకంటే టీపన్ పొలం ఆకారం చెబుతుంది గానీ, ఆ ఆకారాన్ని నేల మీద ఎక్కడ పరచాలో చెప్పడానికి పాత రాయి ఒకటి దొరకాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, కాల్వ తవ్వినప్పుడో, జేసీబీతో చేను చదును చేయించినప్పుడో ఆ రాళ్లు పోయాయి. అప్పుడు సర్వేయర్ పక్క సర్వే నంబరు మూల నుంచో, ఊరి పొలిమేర రాయి నుంచో, నక్షాలో గుర్తు వేసి ఉన్న పాత బావి నుంచో మొదలుపెట్టాలి. ఈ ఎంపిక ఆయనదే. ఇద్దరు నిజాయితీపరులైన సర్వేయర్లు రెండు వేర్వేరు రాళ్ల నుంచి మొదలుపెడితే గీత కొద్దిగా అటూ ఇటూ రావచ్చు. ఆ కొద్ది ఎంత? 660 అడుగుల పొడుగున్న గెట్టు ఒకటిన్నర అడుగు జరిగితే 990 చదరపు అడుగులు, అంటే 110 గజాలు. గుంటకు 11 గజాలు తక్కువ. జడ్చర్ల దగ్గరో చౌటుప్పల్ దగ్గరో హైవే పక్కన ఆ ముక్క విలువ ఎంతో అక్కడి వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఉపగ్రహాల సిగ్నల్‌తో చోటు కొలిచే రోవర్ మిషన్ వచ్చాక ఈ బాధ తీరిందని కొందరి నమ్మకం. రోవర్‌కు సిగ్నల్ సరిగ్గా కుదిరితే, సర్వేయర్లు 'ఫిక్స్ అయింది' అనే స్థితిలో, సెంటీమీటర్ల తేడాతో స్థానం చెబుతుంది. కానీ అది మనం పెట్టిన చోటు గురించే చెబుతుంది. తప్పు రాయి మీద పెడితే ఆ తప్పు రాయి స్థానాన్నే చాలా కచ్చితంగా చెబుతుంది. దట్టమైన చెట్ల కింద ఫిక్స్ రాకుండానే పాయింట్ తీసుకుంటే తేడా పెరుగుతుంది. ఇక సెల్‌ఫోన్‌లో యాప్ పెట్టుకుని పొలం చుట్టూ తిరిగి "నాకు ఆరు గుంటలు తక్కువొచ్చింది" అని పంచాయితీ పెట్టేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ యాప్ చూపే చోటులో కొన్ని మీటర్ల తేడా మామూలే.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఒక సర్వే నంబరులో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబరు విస్తీర్ణం రాసి ఉండే పాత రిజిస్టరు) ప్రకారం 12 ఎకరాలు ఉంటే, అందులోని పట్టాలన్నీ కూడితే పన్నెండుంపావు వస్తుంది. పాస్‌బుక్కుల్లో ఉన్న ఆ పావు ఎకరం, అంటే పది గుంటలు, నేల మీద లేదు. మరి ఎవరికి తగ్గాలి? సర్వేయర్ పడమర గెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ పాస్‌బుక్కులో ఉన్నంత కొలిచి ఇస్తూ పోతే, పడమర వాళ్లందరికీ నిండుగా వస్తుంది, తూర్పు కొసన ఉన్నాయనకు పది గుంటలు గల్లంతు. తూర్పు నుంచి మొదలుపెడితే నష్టపోయేది పడమటాయన. మిషన్ అదే, రికార్డులూ అవే, చేతివాటం ఏదీ లేదు. ఎటు నుంచి మొదలుపెట్టాడన్నదే తేడా. అందుకే మొదలుపెట్టే చోటు ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు అన్నదాన్ని సర్వేలో అన్నిటికంటే ముఖ్యమైన విషయంగా చూడాలి. స్వప్రయోజనం దూరడానికి అంతకంటే సులువైన సందు ఇంకోటి లేదు.

అనుమానం పుట్టే చోట్లు

స్వప్రయోజనం ఉండటం వేరు, లంచం తినడం వేరు. సర్వేయర్ బామ్మర్ది పొలం ఆ గెట్టు పక్కనే ఉండటం ఆయన చేసిన నేరం కాదు. ఆ సంగతి దాచిపెట్టి కొలవడం మాత్రం తప్పే. ఈ తేడా అర్థం చేసుకోకపోవడం వల్ల అడగాల్సిన వాళ్లు మొహమాటపడి అడగరు, చెప్పాల్సిన వాళ్లు అవమానంగా భావించి చెప్పరు.

ఫీజు విషయం చూద్దాం. ఎకరానికి ఇంత, రోజుకు ఇంత అని మాట్లాడుకున్న ఫీజుతో ఇబ్బంది లేదు. "ఎక్కువ తేలితే తేలినదాంట్లో గుంటకు ఇంత" అన్న ఒప్పందంతోనే అసలు ప్రమాదం. కొలత ఫలితాన్ని బట్టి కొలిచినవాడి రాబడి మారితే ఆ కొలతను ఎవరూ నమ్మనక్కర్లేదు. వెంచర్లలో ఇంకో రూపం కనపడుతుంది: ఫీజుకు బదులు ప్లాటు. లేఅవుట్ గీసిన మనిషికి అందులోనే ప్లాటు ఉంటే, వెంచర్ పక్కనున్న చిన్న రైతు గెట్టు ఎటు జరుగుతుందో ఊహించుకోవచ్చు. విజయవాడ హైవే పొడుగునా, బెంగళూరు హైవే పొడుగునా వెంచర్లు పెరిగిన కొద్దీ ఈ బాధ పెరిగింది.

రెండు పాత్రలు ఒక్కరే వేయడం ఇంకో రకం. పొద్దున భూమి బేరం కుదిర్చిన మధ్యవర్తే మధ్యాహ్నం టేపు పట్టుకుని కొలిపిస్తాడు. సేల్ డీడ్ రాసినాయన కొడుకే స్కెచ్ గీస్తాడు. బేరం పోతే వాళ్ల కమీషన్ పోతుంది. కాబట్టి భూమి తక్కువ ఉందని తేలినా, ఆ మాట గట్టిగా చెప్పడానికి వాళ్లకు నోరు రాదు.

ప్రభుత్వ సర్వేయర్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా ప్రైవేటు పని చేయకూడదు. ఆదివారం ప్రైవేటుగా ఒకాయనకు పొలం కొలిచి ఇచ్చిన మనిషి దగ్గరికే సోమవారం ఆ పొలం మీద ఎఫ్-లైన్ (హద్దు కొలిచి చూపమనే) దరఖాస్తు వస్తే, తన కొలతను తానే తప్పు పట్టుకుంటాడా? మండల సర్వేయర్ల మీద పని భారం చాలా ఉందనీ, దరఖాస్తులు గుట్టలుగా పేరుకుంటాయనీ నాకు తెలుసు. ఆ భారమే జనాన్ని పక్కదారి వైపు నెడుతోంది. అయినా ఈ ఒక్క గీత చెరిగితే మాత్రం ఆఫీసు మీద మొత్తం నమ్మకమే పోతుంది. నేరుగా లంచం అడిగితే దారి వేరే ఉంది. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

మొదట ఆ సర్వే నంబరు పోడి చేసినాయనే (ముక్కలుగా కొలిచి విడగొట్టినాయనే), తగాదా వచ్చాక మళ్లీ కొలవడానికి రావడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఇందులో డబ్బు లేదు, బంధుత్వం లేదు. ఉన్నదల్లా తన పాత పని తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందేమో అన్న ఇబ్బంది. మనుషులకు అది చిన్న ఇబ్బంది కాదు.

మిషన్ దిగకముందే రాసుకోవాలి

సర్వేకు ముందు రోజు ఇరువైపుల వాళ్లు ఒక తెల్లకాగితం మీద రాసుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఇది భూమి ఇచ్చిపుచ్చుకునే కాగితం కాదు, ఎట్లా కొలవాలో ఒప్పుకునే కాగితం. ఇట్లా ఉండొచ్చు:

"మేము కింద సంతకం చేసినవాళ్లం. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు గెట్టు కొలిపించుకోవడానికి ఇద్దరం కలిసి ఈ సర్వేయర్‌ను ఎంచుకున్నాం. ఫీజు చెరిసగం. ఫీజు కొలత ఫలితాన్ని బట్టి మారదు. తనకు మాలో ఎవరితోనూ చుట్టరికం, భూమి బేరం, బాకీ లేవనీ, ఈ నంబరులో ఇంతకుముందు ఎవరి తరఫునా కొలవలేదనీ సర్వేయర్ చెప్పారు. టీపన్, నక్షా, ఆర్‌ఎస్‌ఆర్ నకళ్లు ఇద్దరం చూశాం. ఏ రాయి నుంచి మొదలుపెట్టేదీ మోకా మీద ఇద్దరికీ చూపించి, ఫొటో తీసి, రిపోర్టులో రాస్తారు. తక్కువ తేలితే ఎవరికి ఎంత తగ్గాలో సర్వేయర్ నిర్ణయించరు, తేడా ఎంతో మాత్రం రాస్తారు. రిపోర్టు, స్కెచ్ ఇద్దరికీ ఒకే రోజు ఇస్తారు."

సర్వేయర్‌కు చుట్టరికం ఉందనుకోండి. "ఉంది, కానీ పర్లేదు" అని రెండో పార్టీ రాసి ఇస్తే కొలవొచ్చు. చిన్న ఊళ్లలో, చిన్న మండలాల్లో ఎవరికీ ఏ సంబంధం లేని మనిషి దొరకడం కష్టం. కాబట్టి నియమం ఇంతే: సంబంధం ఉంటే ముందే చెప్పాలి, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే కొనసాగాలి. ఫలితాన్ని బట్టి వచ్చే ఫీజు, ఆ భూమిలో వాటా, ఆ బేరంలో కమీషన్ ఉంటే మాత్రం ఎవరు ఒప్పుకున్నా తప్పుకోవాలి. ఈ మూడింటికీ మినహాయింపు ఉండకూడదన్నది నా అభిప్రాయం.

నోటీసు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గెట్టు ఆనుకుని ఉన్న ప్రతి పట్టాదారుకూ సర్వే తేదీ ముందుగా తెలియాలి. హైదరాబాద్‌లోనో, ముంబైలోనో పని చేసుకునే పాలమూరు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వలస పోయినవాళ్లు ఊళ్లో లేని రోజు చూసి కొలిపించిన గెట్టు, వాళ్లు పండక్కి వచ్చిన రోజు మళ్లీ పంచాయితీకి వస్తుంది. పొలంలో పంట లేని ఎండాకాలం, అందరూ ఊళ్లో ఉండే రోజు చూసుకోవాలి. రాని వాళ్లుంటే నోటీసు ఎట్లా ఇచ్చారో పంచనామాలో రాయాలి.

ఇక సర్వేయర్ రిపోర్టు. హద్దురాళ్లు పాతి చేతులు దులుపుకుంటే సర్వే అయిపోయినట్టు కాదు. ఏ రాయి ఆధారం, అది అసలైనదని ఎట్లా నిర్ధారించుకున్నాడు, టీపన్‌లోని దూరానికీ మోకా మీద దూరానికీ తేడా ఎంత, ఆ తేడాను ఏం చేశాడు, ఎవరు వచ్చారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఏమని చెప్పారు అన్నవన్నీ అందులో ఉండాలి. ఫీజు కట్టని రెండో రైతు ఆ కాగితం తీసుకెళ్లి ఇంకో సర్వేయర్‌కు ఇస్తే, ఆయన అదే దారిలో నడిచి అదే గీతకు చేరుకోగలగాలి. చేరుకోలేకపోతే ఆ రిపోర్టుకు విలువ లేదు.

గొడవ ముదిరాక

మండల సర్వేయర్ కొలత మీద అభ్యంతరం ఉంటే పైన డిప్యూటీ ఇన్‌స్పెక్టర్, ఆపైన జిల్లా సర్వే ఆఫీసులో అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటారు. మళ్లీ కొలవమని అడిగేటప్పుడు "మాకు అన్యాయం జరిగింది" అని రాస్తే పని కాదు. "ఫలానా రాయిని ఆధారంగా తీసుకున్నారు, అది పాత రాయి కాదు, రోడ్డు వేసినప్పుడు జరిపిన రాయి" అనో, "టీపన్‌లో ఈ పక్క కొలత ఇంత ఉంటే స్కెచ్‌లో ఇంత ఉంది" అనో రాయాలి. సర్వేయర్ మీద అనుమానం ఉంటే దాన్ని వేరే పేరాలో, అది ఏ కారణంతో కలిగిందో చెబుతూ రాయాలి. రెండూ కలిపి తిట్టినట్టు రాసిన కాగితాన్ని ఎవరూ శ్రద్ధగా చదవరు. ఫైలు నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి.

పెద్దమనుషుల పంచాయితీని నేను తక్కువ చేయను. 1984లో పటేల్, పట్వారీల వ్యవస్థ పోయాక, 2020లో వీఆర్వోలు కూడా పోయాక, పాత గెట్టు ఎక్కడుండేదో నోటి లెక్కన చెప్పగలిగింది ఊరి ముసలివాళ్లే. కాకపోతే వాళ్లకూ స్వప్రయోజనాలు ఉంటాయి. పంచాయితీలో కూర్చున్నాయన ఆ భూమిని కౌలుకు చేస్తుండొచ్చు, ఒక పార్టీకి అప్పు ఇచ్చి ఉండొచ్చు. సర్వేయర్‌ను అడిగిన ప్రశ్నలే వాళ్లనూ అడగాలి. ఇంకో చిక్కు: పెద్దమనుషులు "చెరి రెండు గుంటలు సర్దుకోండి" అని తెల్లకాగితం రాయిస్తారు. ఉన్న హద్దును ఇద్దరూ ఒప్పుకోవడం ఒకటి, ఒకరి భూమి ఇంకొకరికి పోవడం ఇంకొకటి. రెండోది జరిగితే రిజిస్ట్రేషన్ కావాలి. లేకపోతే ఇంకో తరానికి ఇంకో సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం బేరం) తగాదాను అంటగట్టినట్టే.

పోలీస్ స్టేషన్‌లో గెట్టు తెగదు. కొట్లాట జరిగితే, అధికారులు పాతిన హద్దురాళ్లు ఎవరైనా పీకేస్తే అది నేరం, పోలీసులు చూడాలి. గీత ఎక్కడో తేల్చే అధికారం మాత్రం వాళ్లకు లేదు. స్టేషన్‌లో కూర్చోబెట్టి సంతకం పెట్టించిన కాగితాలు కోర్టులో నిలవడం కష్టం.

సివిల్ కోర్టుకు పోతే అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 26వ ఆర్డర్, 9వ రూలు అందుకే ఉంది. కమిషనర్ సర్వేయర్‌ను వెంటబెట్టుకుని మోకా మీదికి వస్తాడు, ఇద్దరి మాటా నమోదు చేస్తాడు, స్కెచ్‌తో రిపోర్టు ఇస్తాడు. ఇక్కడ లాయర్లు తరచూ చూసుకోని విషయం ఒకటుంది: కమిషనర్ వెంట వచ్చే సర్వేయర్ ఇంతకుముందు ఏదైనా ఒక పార్టీకి ప్రైవేటు స్కెచ్ గీసిన మనిషి కాకూడదు. ఆ అభ్యంతరం కమిషనర్ పొలానికి బయల్దేరకముందే కోర్టులో పెట్టాలి. రిపోర్టు వ్యతిరేకంగా వచ్చాక పెడితే ఓడిపోయి ఏడుస్తున్నట్టే కనపడుతుంది. రిపోర్టు వచ్చినంత మాత్రాన కేసు అయిపోదు. కమిషనర్‌ను కోర్టు అనుమతితో బోనెక్కించి ప్రశ్నించే వీలు ఇద్దరికీ ఉంది.

ఇద్దరిలోనూ రాజీకి మనసుంటే లోక్ అదాలత్ అన్నిటికంటే మంచి దారి. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టులో నడుస్తున్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. "ఇరువురూ ఉన్న గెట్టును గౌరవించుకోవాలి" లాంటి వాక్యంతో అవార్డు రాయించుకోవద్దు. ఉన్న గెట్టు ఏదో అన్నదే కదా తగాదా! కొలతలతో, రాళ్ల గుర్తులతో ఉన్న స్కెచ్‌ను అవార్డుకు జత చేసి, దాని మీద కూడా ఇద్దరి సంతకాలు పెట్టించాలి.

భూభారతి తెచ్చిన కొత్త బరువు

2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్ పేర్లనూ విస్తీర్ణాలనూ కంప్యూటర్‌లోకి తెచ్చింది గానీ, పొలం నేల మీద ఎక్కడుందో చూపించలేదు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో మొదలైన భూభారతి, రిజిస్ట్రేషన్‌కూ మ్యుటేషన్‌కూ సర్వే పటం ఉండాలన్న నియమాన్ని తెచ్చింది. మొదట ప్రయోగంగా తీసుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. నక్షాలే లేని ఊళ్లలో రీసర్వే ప్రయోగానికి గండీడ్ మండలం సాలార్‌నగర్‌ను ఎంచుకున్నారు. ఇది సరైన దిశే. పటం లేని పట్టా వల్ల మన జిల్లాలు పడ్డ బాధ చాలు.

కానీ ఇంత పటాల పని ప్రభుత్వ సర్వేయర్లతో అయ్యేది కాదు కాబట్టి, శిక్షణ ఇచ్చి లైసెన్స్డ్ సర్వేయర్లను తీసుకొచ్చారు. వాళ్లకు జీతం ఉండదు, దరఖాస్తుదారు కట్టే ఫీజే ఆధారం. అమ్మేవాడికీ కొనేవాడికీ పటం తొందరగా కావాలి. గెట్టు పక్కనున్న మూడో మనిషికి ఆ బేరంతో సంబంధం లేదు, ఆయన ఫీజు కట్టలేదు, కానీ ఆ పటం మీద గీసిన గీత ఆయన పొలం అంచు కూడా. ఈ మూడో మనిషిని కాపాడే ఏర్పాటు గట్టిగా లేకపోతే, పాత తగాదాలు కొత్త పటాల్లోకి ఎక్కి మరింత బలపడతాయి.

అందుకు నాకు తోచిన మార్గాలు చెబుతాను. సర్వేయర్‌ను దరఖాస్తుదారు ఎంచుకోవడం కంటే, మండలంలోని జాబితా నుంచి వరసగానో కంప్యూటర్ ద్వారానో కేటాయించడం మేలు. ఫీజు నేరుగా చేతికి కాకుండా ప్రభుత్వ ఖాతా ద్వారా పోవాలి. తన ఊరి పని, దగ్గరి బంధువుల పని రాకుండా చూడాలి. సంబంధం లేదన్న ప్రకటన ప్రతి పటంతో పాటు అప్‌లోడ్ అయ్యి, ఎవరైనా చూసుకునేలా ఉండాలి. లైసెన్స్డ్ సర్వేయర్ పటాన్ని పరిశీలించే మండల సర్వేయర్, ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టకుండా కొన్నిటినైనా మోకా మీద తిరిగి కొలవాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు.

అన్నిటికంటే మొండి సమస్య బై నంబర్లది. 145/అ, 145/ఆ, 145/ఇ అని పాస్‌బుక్కుల్లో పడిపోయాయి గానీ, చాలా చోట్ల ఆ ముక్కలను నేల మీద ఎవరూ కొలిచి విడగొట్టలేదు, పోడి కాలేదు. ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూముల్లో కూడా అంతే. కాగితం వచ్చింది, ముక్క ఎక్కడో ఎవరూ చూపించలేదు. ఇట్లాంటి నంబరులో ఒక్కరి ముక్కకే పటం గీయమంటే సర్వేయర్ ఏ గీత గీసినా అది మిగతా అందరి మీదా పడుతుంది. ఆయన ఎంత మంచివాడైనా దరఖాస్తు పెట్టినాయన చూపించిన గెట్లనే పటంలో ఎక్కించక తప్పదు.

కాబట్టి అట్లాంటి చోట ముక్క సర్వే ఒప్పుకోకూడదు. నంబరు మొత్తానికీ ఒకేసారి చేయాలి. ఆ నంబరులోని పట్టాదారులందరికీ నోటీసులు పోవాలి, ఫీజు ఎకరాల లెక్కన అందరూ పంచుకోవాలి. మొదట బయటి హద్దును టీపన్ ప్రకారం తేల్చాలి. తర్వాత లోపల ఎవరి సాగు ఎక్కడిదాకా ఉందో ఉన్నది ఉన్నట్టు కొలవాలి. ఆపైనే పాస్‌బుక్కుల మొత్తాన్ని దాంతో పోల్చి చూడాలి. తగ్గింది ఎంతో అప్పుడు అందరికీ ఒకేసారి తెలుస్తుంది. ఆ తగ్గుదలను వాటాల ప్రకారం అందరూ పంచుకుంటారా, ఎవరి కబ్జా వారికి ఉంచి డబ్బుతో సర్దుకుంటారా, కోర్టుకు పోతారా అన్నది వాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాటలు మొదలయ్యేసరికి సర్వేయర్ తన స్కెచ్ నకళ్లు అందరికీ ఇచ్చి, పొలం నుంచి వెళ్లిపోయి ఉండాలి.